రాతిని పగలగొట్టకుండా జవాబు చెప్పిన ఊరు: బొల్జానోలో చూడవలసిన రెండు చోట్లు

మ్యూనిక్ నుంచి వెరోనాకో వెనిస్‌కో రైల్లో వెళ్లే మనవాళ్లకు ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నాను. బ్రెన్నర్ కనుమ దాటి రైలు లోయలోకి దిగాక ఇటలీ వైపు తగిలే పెద్ద ఊరు బొల్జానో. జర్మన్‌లో బోజెన్ అంటారు. అక్కడ ఒక పూట దిగండి. దిగేవాళ్లలో చాలామంది ఐదువేల ఏళ్ల నాటి మంచుమనిషి ఓట్జీని చూసి, ఆపిల్ తోటల ముందు ఫొటోలు దిగి మళ్లీ రైలెక్కేస్తారు. ఓట్జీని చూడవద్దని అనను. ఆ ఊళ్లో నన్ను కదలనివ్వకుండా నిలబెట్టినవి మాత్రం వేరే రెండు ఉన్నాయి. విజయ స్మారకం అడుగున ఉన్న ప్రదర్శన ఒకటి. న్యాయస్థానం కూడలిలో ముసోలినీ శిల్పం ముందు వెలిగే అక్షరాలు రెండోది. దేనికీ టికెట్టు లేదు. ఫాసిస్టు ప్రభుత్వం వదిలిపోయిన కట్టడాలను ఏం చేయాలన్న ప్రశ్నకు ఐరోపాలో నేను చూసిన జవాబుల్లో ఇంత ఓపికగా ఆలోచించి చేసినవి ఇవే.

నేను ఏ కళ్లతో చూశానో ముందే చెబుతాను. మాది ఆళ్లగడ్డ. ఇంట్లో రాతిపని. నాన్న దేవతామూర్తులు చెక్కుతారు. ఆ పని లేనప్పుడు శంకుస్థాపన ఫలకాలు, గుడికి దానమిచ్చిన వాళ్ల పేర్ల పలకలు, సమాధి రాళ్లు చేస్తారు. రాతి మీద అక్షరాలు గీసుకున్నాక వరుస వంకర పోయిందేమో దూరం నుంచి చూసి చెప్పడం చిన్నప్పుడు నా పని. అందుకే ఎక్కడ ఏ స్మారకం చూసినా నాకు మొదట బొమ్మ కనిపించదు, రాత కనిపిస్తుంది. ఎవరు రాయించారు, ఎంత లోతుగా చెక్కించారు, తలెత్తి చూస్తే తప్ప చదవలేనంత ఎత్తున ఎందుకు పెట్టించారు అనే ఆలోచన వస్తుంది. బొల్జానోలో ఆ ప్రశ్నలు అడగని చోటు లేదు.

కొంచెం చరిత్ర తెలియకపోతే ఈ రెండూ అర్థం కావు. 1918 వరకు ఈ ప్రాంతం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం, జనంలో అత్యధికులు జర్మన్ మాట్లాడేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక దక్షిణ టిరోల్ అనే ఈ ప్రాంతం ఇటలీ చేతికి వచ్చింది. 1922లో ముసోలినీ గద్దెనెక్కాక ఆ నేలను ఇటాలియన్‌గా మార్చే పని పట్టుదలగా సాగింది. ఊళ్లకు, వాగులకు, కొండలకు కొత్త పేర్లు పెట్టారు. జర్మన్ బడులు మూయించారు. పిల్లలకు సొంత భాషలో అక్షరాలు దిద్దించడానికి ఇళ్లలోనే దొంగచాటుగా బడులు నడిపారు. దొరికిన ఉపాధ్యాయులకు శిక్షలు పడ్డాయి. 1920ల చివరికి సమాధి రాళ్ల మీద కూడా జర్మన్ అక్షరాలు చెక్కకూడదన్నారు.

ఈ చివరి సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సమాధి రాయి చెక్కించుకోవడానికి మా ఇంటికి వచ్చేవాళ్లను చూస్తూ పెరిగాను. చొక్కా జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి నాన్న చేతికి ఇస్తారు. అందులో పేరు, తేదీలు, కింద ఒకటో రెండో మాటలు. ఒక్కోసారి ఒత్తులు తప్పు ఉంటాయి. నాన్న అడగకుండా ఒక్క గుడింతం కూడా మార్చరు. చనిపోయిన మనిషి కోసం ఇంటివాళ్లు రాసుకున్న రెండు మాటల్లోకి ప్రభుత్వం చేయి దూర్చిందంటే, మిగతా బతుకులో ఎంత దూరం వచ్చి ఉంటుందో నాకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక మొదటి చోటు. స్టేషన్ నుంచి పాత ఊరి వీధుల్లో నడుచుకుంటూ తాల్వెరా నది మీది వంతెన దాటితే ఎదురుగా విజయ స్మారకం కనిపిస్తుంది. ముసోలినీకి ఇష్టుడైన వాస్తుశిల్పి మార్చెల్లో పియచెంతీని దీన్ని రూపొందించాడు. 1928 జూలై 12న ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ చేతుల మీదుగా ప్రారంభమైంది. అంతకుముందు అదే చోట ఆస్ట్రియా సైన్యంలోని కైజర్‌యేగర్ సైనికుల కోసం సగం కట్టిన స్మారకం ఉండేది. దాన్ని కూల్చి ఆ స్థలంలోనే దీన్ని నిలబెట్టారు. స్తంభాలను చూడండి. కర్రల మోపును గొడ్డలితో కలిపి కట్టిన ఆకారం, అంటే ఫాసిస్టు పార్టీ గుర్తే, స్తంభంగా మారింది. పార్టీ గుర్తే పైకప్పును మోసే కట్టడం అన్నమాట. పైన విల్లు ఎక్కుపెట్టిన విజయదేవత. ఆమె కింద లాటిన్ రాత. దాని భావం ఇది: ఇవి మాతృభూమి సరిహద్దులు, ఇక్కడ పతాకాలు నాటండి, మిగిలినవాళ్లకు మేము భాషను, చట్టాన్ని, కళలను నేర్పింది ఇక్కడి నుంచే.

రాత చాలా అందంగా ఉంది. అది ఒప్పుకోకుండా ఈ సమీక్ష రాయలేను. అక్షరాల మధ్య దూరం, లోతు, నీడ పడే తీరు అన్నీ కుదిరాయి. పాత ఊళ్లోంచి వంతెన మీదుగా నడిచి వచ్చే జర్మన్ మాట్లాడే మనిషికి ఆ వాక్యం రోజూ ఎదురయ్యేది. మీకు భాష నేర్పింది మేమే అని అతని ముఖాన చెప్పే వాక్యం అది.

యుద్ధం ముగిశాక ఈ స్మారకం చుట్టూ జరిగిన గొడవలకు అంతు లేదు. 1970ల చివర్లో బాంబులు పెట్టే ప్రయత్నాలు జరిగాయి. దశాబ్దాల తరబడి చుట్టూ ఇనుప కంచె ఉండేది. ఇటాలియన్ మాట్లాడేవాళ్లలో చాలామందికి అది తమ యుద్ధమృతుల గుర్తు. జర్మన్ మాట్లాడేవాళ్లకు అది అవమానం. నగరపాలక సంస్థ కూడలి పేరును విజయ కూడలి నుంచి శాంతి కూడలిగా మార్చింది. 2002లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే సుమారు 62 శాతం మంది పాత పేరే కావాలన్నారు. పేరు మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంత మొండిగా బిగుసుకున్న చోట 2014 జూలైలో ఒక ప్రదర్శన తెరవగలిగారంటే, దాని వెనక చరిత్రకారులు, జాతీయ ప్రభుత్వం, ప్రాంతీయ ప్రభుత్వం, నగరం కలిసి కూర్చుని ప్రతి వాక్యం గురించీ మాట్లాడుకున్న శ్రమ ఉంది. ఆ శ్రమ లోపల అడుగడుగునా కనిపిస్తుంది.

బయటి నుంచి చూస్తే జరిగిన మార్పు చాలా చిన్నది. ముందు వరుస స్తంభాల్లో ఒకదానికి ఉంగరంలా ఒక ఎల్‌ఈడీ పట్టీ తొడిగారు. దాని మీద ప్రదర్శన పేరు ఎర్రటి అక్షరాల్లో తిరుగుతూ ఉంటుంది: ఒక స్మారకం, ఒక నగరం, రెండు నియంతృత్వాలు. అంతే. మొదట చూసినప్పుడు ఇది సరిపోతుందా అనిపించింది. కాసేపు ఎదురుగా బెంచీ మీద కూర్చుని చూశాక దాని బలం తెలిసింది. ఆ వరుసలో ఒక్క స్తంభం చెడితే చాలు, మొత్తం పటాలం చెడిపోతుంది. అన్నీ ఒకేలా నిలబడాలన్నదే ఆ కట్టడం ఆశ. ఒక్కటి వరుస తప్పి మాట్లాడుతోంది. పై రాత కదలదు, కింది రాత ఆగదు. లాటిన్ రాతను చదవలేని పిల్లలు కూడా తిరిగే అక్షరాలను చదువుతూ స్తంభం చుట్టూ తిరుగుతున్నారు.

లోపలికి వెళ్లే దారి స్మారకం అడుగున ఉంది. కింద పునాదుల మధ్య ఉన్న ఇరుకు గదుల్లో ప్రదర్శన సాగుతుంది. మధ్యలో భూగర్భ మందిరం, దాని గోడల మీద గ్విదో కదోరీన్ వేసిన చిత్రాలు. చరిత్రను కాపాడే స్త్రీ ఒకరు, మాతృభూమిని కాపాడే స్త్రీ ఒకరు. ఆ చిత్రాలను చెరపలేదు. ఆ గోడల మీద ఉన్న లాటిన్ సూక్తులనూ చెరపలేదు. వాటికి ఎదురుగా నియంతృత్వాన్ని ప్రశ్నించిన వాళ్ల వాక్యాలను వెలుగుతో గోడ మీద పడేలా చేశారు. చెక్కిన మాట అక్కడే ఉంటుంది, వెలుగు మాట దాని పక్కకు వచ్చి నిలుస్తుంది. నాకు ఇక్కడ బాగా నచ్చింది ఏమిటంటే, మీరు ఏది చదవాలో ఎవరూ చెప్పరు. రెండూ చదివి మీరే తేల్చుకోవాలి.

గదుల్లో చెప్పే కథ ఈ ప్రదర్శనకు ప్రాణం. స్మారకం ఎలా పుట్టింది అన్న దగ్గర మొదలై, ఊరు ఎలా మారింది అన్న దాకా వెళ్తుంది. తాల్వెరాకు అవతల కొత్త ఊరు కట్టి, 1930ల మధ్య నుంచి కర్మాగారాలు తెచ్చి, ఇటలీలోని వేరే ప్రాంతాల నుంచి పనివాళ్లను రప్పించిన తీరు మ్యాపుల్లో చూపించారు. బతుకుతెరువు కోసం వచ్చిన ఆ కూలీల మీద ప్రదర్శనకు ఎక్కడా కోపం లేదు. వాళ్లూ పేదవాళ్లే అని అర్థమయ్యేలా చెప్పారు.

ఆ తర్వాత 1939. హిట్లర్, ముసోలినీ కలిసి దక్షిణ టిరోల్‌లోని జర్మన్ మాట్లాడేవాళ్ల ముందు ఒక ఎంపిక పెట్టారు. జర్మనీకి వెళ్లిపోండి, లేదా ఇక్కడే ఉండి మీ భాషను వదులుకోండి. పెద్ద సంఖ్యలో జనం వెళ్తామనే రాసిచ్చారు, ఎక్కువగా ప్రస్తావించే లెక్క 86 శాతం. యుద్ధం వల్ల ఆ వలస పూర్తి కాలేదు. నిజంగా వెళ్లినవాళ్లు సుమారు 75,000 మంది. వెళ్తామన్నవాళ్లకూ ఉంటామన్నవాళ్లకూ మధ్య కుటుంబాలు చీలిపోయాయి, అన్నదమ్ములు మాటలు మానేశారు. 1943 సెప్టెంబరులో నాజీ సైన్యం వచ్చి పాలన చేతిలోకి తీసుకున్నప్పుడు, జర్మన్ మాట్లాడేవాళ్లలో కొందరు వాళ్లను విముక్తిదాతల్లా స్వాగతించారు. ఈ మాటను ప్రదర్శన దాచలేదు. పేరులో రెండు నియంతృత్వాలు అని రాయడానికి కారణం అదే. ఒక వర్గం బాధితులు, ఇంకో వర్గం దోషులు అని తేల్చి చెప్పి ఉంటే ఊళ్లో సగం మంది ఆ మెట్లు దిగేవారు కాదు.

లోపాలూ చెప్పాలి. చదవవలసింది చాలా ఎక్కువ. పలకల మీద భాషలు పక్కపక్కన ఉండటం వల్ల కళ్లు అలసిపోతాయి. గదులు ఇరుకు, ఒక బడి పిల్లల గుంపు వస్తే ఎవరూ కదలలేరు. పదేళ్లలోపు పిల్లలకు ఇందులో పెద్దగా ఏమీ లేదు. ఫొటోలు, మ్యాపులు ఉన్నా అవన్నీ పెద్దవాళ్ల కోసమే. లోపల చల్లగా ఉంటుంది, ఎండాకాలంలో వెళ్లినా భుజాన ఏదైనా వేసుకోండి. ఇన్ని ఉన్నా ఈ ప్రదర్శనకు నేను ఐదుకు ఐదు ఇస్తాను. 2016లో ఐరోపా మ్యూజియం పురస్కారాల్లో దీనికి ప్రత్యేక ప్రశంస దక్కింది. అది తగిన గుర్తింపే.

అక్కడి నుంచి రెండో చోటుకు నడిచి వెళ్లవచ్చు. దూరం ఎక్కువ కాదు. దారి పొడుగునా ఆ కాలపు భవనాలే, వంపుల కింద దుకాణాలు. న్యాయస్థానం కూడలికి వస్తే ఒక పక్క కోర్టు, దానికి ఎదురుగా ఒకనాటి ఫాసిస్టు పార్టీ కార్యాలయం. ఇప్పుడు అందులో ప్రభుత్వ ఆర్థిక శాఖ కార్యాలయాలు ఉన్నాయి. జనం కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్లి వస్తుంటారు. వాళ్ల తలల మీదుగా, గోడంతా పరుచుకుని, 36 మీటర్ల పొడవున ఆ ఉబ్బెత్తు శిల్పం ఉంది. ట్రావర్టీన్ రాయి. 57 పలకలు. మధ్యలో గుర్రం మీద ముసోలినీ, కుడి చేయి చాచి. పక్కనే ఆ కాలపు నినాదం: నమ్ము, విధేయుడవై ఉండు, పోరాడు.

దీన్ని చెక్కిన హాన్స్ పిఫ్రాడర్ బయటి నుంచి వచ్చినవాడు కాడు. అదే ప్రాంతంలోని క్లౌజెన్ ఊరివాడు, జర్మన్ మాట్లాడే మనిషి. పని బాగా తెలిసినవాడని ఒక్క చూపులో తెలుస్తుంది. ట్రావర్టీన్‌లో సహజంగానే చిన్న చిన్న గుంతలు ఉంటాయి, సన్నని వివరాలకు అది లొంగదు. అందుకని ఆయన ముఖాలను, కండరాలను పెద్ద పెద్ద తలాలుగా తీసుకున్నాడు. నీడలు గీతలుగా పడేలా చూసుకున్నాడు. నేను నాన్నకు ఫోనులో వీడియో తెరిచి పలక పలకా చూపించాను. గుర్రం కాళ్ల దగ్గర ఆపమన్నారు. చాలాసేపు చూశారు. "చెయ్యి మంచిదేనమ్మా. ఇంత పని ఇతనికి ఎవరు ఇచ్చారు?" అని అడిగారు. చెప్పాను. "ఇవ్వకపోతే ఏం చేసేవాడో" అన్నారు. రాతిపని వాడికి పని ఇచ్చేది ఎప్పుడూ గుడో ప్రభుత్వమో డబ్బున్నవాడో అని తెలిసిన మనిషి అడిగిన ప్రశ్న అది. పిఫ్రాడర్‌ను తప్పించడానికి ఆయన అలా అనలేదని నాకు తెలుసు. నాకు దానికి ఇప్పటికీ జవాబు లేదు.

శిల్పంలో ఫాసిజం విజయగాథగా చెప్పుకున్న ఘట్టాలు ఉన్నాయి. ఆఫ్రికా దండయాత్రలు కూడా అందులో భాగం. ఈ చోట మనకూ ఒక దారం తగులుతుంది. 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల్లో ఇటలీ సైన్యాన్ని ఓడించిన బలగాల్లో 4వ, 5వ భారత డివిజన్లు ఉన్నాయి. దారులు తెరిచిన ఇంజనీరింగ్ దళాల్లో తెలుగు, తమిళ జిల్లాల యువకులతో నిండే మద్రాస్ శాపర్లు ఉన్నారు. రాతి మీద శాశ్వతంగా గెలిచినట్టు చెక్కించుకున్నా, ఇథియోపియాను ఆక్రమించి 1936లో చాటుకున్న ఆ తూర్పు ఆఫ్రికా సామ్రాజ్యం ఐదారేళ్లు మించి నిలవలేదు. మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకూ అందులో చేయి ఉంది.

ఇక ఆ శిల్పం ముందు వెలిగే అక్షరాలు. 2011లో ప్రాంతీయ ప్రభుత్వం ఈ గోడను ఏం చేయాలో చెప్పమని అందరినీ ఆహ్వానిస్తూ పోటీ పెట్టింది. చివరికి గార్డెనా లోయకు చెందిన ఆర్నాల్డ్ హోల్జ్‌క్నెష్ట్, మికేలే బెర్నార్ది ఇచ్చిన ఆలోచన నిలిచింది. 2017 నవంబరులో పూర్తయింది. వాళ్లు రాతిని ముట్టుకోలేదు. శిల్పానికి ముందు, దాని పొడుగునా, వెలిగే అక్షరాలతో ఒకే వాక్యం నిలబెట్టారు: విధేయుడిగా ఉండే హక్కు ఏ మనిషికీ లేదు. ఆ ప్రాంతపు మూడు భాషల్లో, జర్మన్, ఇటాలియన్, లదీన్‌లలో రాశారు. రాజకీయ తాత్త్వికురాలు హన్నా ఆరెంట్ 1964లో ఒక రేడియో సంభాషణలో అన్న మాట ఇది. యూదుల సంహారాన్ని నడిపిన నాజీ అధికారి ఐక్‌మన్ తన విచారణలో, నేను తత్త్వవేత్త కాంట్ చెప్పిన కర్తవ్యాన్నే పాటించాను అన్నాడు. కాంట్ ప్రకారం చూస్తే లోబడి ఉండే హక్కు ఎవరికీ లేదు అని ఆమె బదులిచ్చింది.

పగటిపూట చూస్తే నిరాశ పడతారు. తెల్లని రాతి ముందు అక్షరాలు సన్నగా, పేలవంగా కనిపిస్తాయి. ముసోలినీ చేయే ముందు కళ్లబడుతుంది. ఇదొక నిజమైన లోపం, ఎందుకంటే ఆ కార్యాలయాలకు జనం వచ్చేది పగలే. చీకటి పడ్డాక లెక్క మారిపోతుంది. గోడ వెనక్కి వెళ్లిపోతుంది, అక్షరాలు ముందుకు వస్తాయి. శిల్పం కనబడుతూనే ఉంటుంది, కానీ దాన్ని చూడాలంటే వాక్యం గుండా చూడాలి. గుర్రాన్ని చూద్దామని కళ్లు పోనిస్తే మధ్యలో ఒక అక్షరం అడ్డు వస్తుంది. ఆ అడ్డు రావడమే ఈ పనిలోని తెలివి. నేను రెండు మూడు చోట్ల నిలబడి చూశాను. కోర్టు మెట్ల దగ్గర నుంచి చూస్తే వాక్యం మొత్తం ఒకేసారి చదవగలుగుతారు. నినాదంలో ఉన్న విధేయత, వాక్యంలో ఉన్న విధేయత ఒకే గోడ మీద, న్యాయస్థానానికి ఎదురుగా. తీర్పులు చెప్పే చోటుకు ఎదురుగా ఈ వాక్యం ఉండటం నాకు ఎంతో సబబుగా తోచింది.

ఇదంతా ఎందుకు, పడగొట్టేస్తే పోలేదా అని అడిగేవాళ్లు ఉంటారు. పడగొట్టినవీ ఉన్నాయి. ఇదే లోయలో వైడ్‌బ్రుక్ దగ్గర గుర్రం మీద మనిషి అల్యూమినియం విగ్రహం ఒకటి ఉండేది. జనం దాన్ని అల్యూమినియం ద్యూచే అనేవాళ్లు, ద్యూచే అంటే నాయకుడు, ముసోలినీ బిరుదు. 1961 జనవరిలో దాన్ని పేల్చేశారు. ఇప్పుడు అటు రైల్లో వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ విగ్రహం ఒకటి ఉండేదని తెలుసు? విగ్రహంతో పాటు దాని గురించి అడగవలసిన ప్రశ్న కూడా పోయింది. న్యూరెంబర్గ్‌లో వేరే దారి పట్టారు. నాజీ పార్టీ సభల కోసం మొదలుపెట్టి సగంలో ఆగిపోయిన మహాభవనంలోకి వాస్తుశిల్పి గుంటర్ డోమెనిగ్ 2001లో ఉక్కు, గాజులతో 130 మీటర్ల నడవను బల్లెంలా దూర్చాడు. నేను అందులో నడిచాను, గోడలను అడ్డంగా కోసేసిన చోట్లు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 1993లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో హాన్స్ హాకే అనే కళాకారుడు, నాజీల కాలంలో మార్చి కట్టిన జర్మన్ మంటపంలోని నేల పలకలన్నీ పగలగొట్టి వదిలాడు. గుమ్మంలోనే 1934లో హిట్లర్ అక్కడికి వచ్చిన ఫొటో పెట్టాడు. ఆ పగిలిన పలకల ఫొటోలు చూసినప్పుడు నాకు కోపానికి రూపం ఇస్తే ఇలాగే ఉంటుందనిపించింది. హాకే పని కొన్ని నెలల ప్రదర్శన. బొల్జానో వాళ్లు ఆ గోడతో రోజూ బతకాలి. రోజూ చూసే గోడకు ఇచ్చే జవాబులో కోపంతో పాటు నిలకడ కూడా ఉండాలి. ఆ నిలకడ ఇక్కడ కుదిరింది.

అయినా నాకు తీరని అసంతృప్తి రెండు విషయాల్లో ఉంది. అందుకే ఈ వెలిగే అక్షరాలకు ఐదుకు నాలుగే ఇస్తున్నాను.

మొదటిది 1957. 1943లో ముసోలినీ పడిపోయే నాటికి ఈ శిల్పం పలకలన్నీ గోడకు ఎక్కలేదు. మిగిలినవాటిని 1957లో బిగించి శిల్పాన్ని పూర్తి చేశారు. మళ్లీ చదవండి: 1957. పిఫ్రాడర్ చనిపోయి అప్పటికే ఏడేళ్లు. ఇటలీ గణతంత్రం అయి పదకొండేళ్లు. ఎన్నికైన ప్రభుత్వాలు ఉన్న దేశంలో, గుర్రం మీద నియంత శిల్పం తాలూకు పలకలను ఎవరో పైకెత్తి, సరిచూసి, బిగించారు. పరంజాలు కట్టారు. బిల్లులు చెల్లించారు. రాతిపని ఇంట్లో పుట్టినదానిగా అది ఎంత పనో నాకు తెలుసు, పొరపాటున జరిగేది కాదు. నాకు ఆ గోడలోని అన్ని విషయాల్లోకీ ఎక్కువ భయం వేసింది ఇక్కడే. విధేయత అంటే నియంత ఎదురుగా ఉన్నప్పుడు తలవంచడం అనుకుంటాం. నియంత పోయిన పద్నాలుగేళ్లకు కూడా ఎవరూ ఆపని పని అలాగే ముందుకు సాగిపోయింది. వెలిగే వాక్యం ముసోలినీతో మాట్లాడుతోంది. 1957లో ఆ పలకలు ఎక్కించిన వాళ్లతో కూడా మాట్లాడవలసింది. ఈ సంగతి తెలియకుండా ఫొటో తీసుకుని వెళ్లిపోయే మనిషికి ఆ గోడ మీద ఉన్నదంతా ఫాసిస్టుల పనిలాగే కనిపిస్తుంది.

రెండోది యోసెఫ్ మైర్-నుస్సర్. బొల్జానో మనిషి. 1939లో జర్మనీకి వెళ్లను, ఇక్కడే ఉంటానన్నవాడు. 1944లో అతన్ని బలవంతంగా నాజీ ఎస్‌ఎస్ దళంలోకి తీసుకెళ్లారు. ప్రమాణం చేయవలసిన రోజు వచ్చినప్పుడు నా విశ్వాసం ఒప్పుకోదు, నేను హిట్లర్ పేరు మీద ప్రమాణం చేయను అన్నాడు. భార్య, చంటిబిడ్డ ఇంటి దగ్గర ఉన్నారు. డాఖావు నాజీ నిర్బంధ శిబిరానికి తీసుకెళ్తున్న రైల్లోనే, 1945 ఫిబ్రవరిలో, ఎర్లాంగెన్ దగ్గర చనిపోయాడు. కాథలిక్ చర్చి 2017 మార్చిలో ఇదే ఊళ్లో అతన్ని ధన్యుడిగా ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో ఈ అక్షరాలు వెలిగాయి. ఆరెంట్ వాక్యం ఎంత గొప్పదైనా ఎక్కడో అన్న మాట. ఆ మాటను బతికి చూపించి ప్రాణం ఇచ్చినవాడు ఈ వీధుల్లో తిరిగిన మనిషి. వెలిగే అక్షరాల్లో అతని పేరు లేదు. ఒక్క పేరు చేరిస్తే వాక్యం సూక్తిలా ఉండకుండా సాక్ష్యంలా ఉండేది. బయటి ఊరి మహావాక్యం తెచ్చుకునే ముందు సొంత ఊరి మనిషి పేరు చెక్కుకోవాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా. మొదట స్మారకం కింది ప్రదర్శన చూడండి, దానికి రెండు గంటలైనా పెట్టుకోండి. ముందు న్యాయస్థానం కూడలికి వెళ్తే ఆ వాక్యం వట్టి నినాదంలా మిగిలిపోతుంది. అక్షరాలను సూర్యాస్తమయం తర్వాతే చూడండి. చలికాలంలో సాయంత్రం ఐదు దాటకముందే చీకటి పడుతుంది కాబట్టి అదే రోజు రాత్రి రైలు అందుకోవచ్చు. జూన్, జూలైలలో అయితే తొమ్మిది దాటాలి, రాత్రికి అక్కడే గది చూసుకోక తప్పదు. చరిత్ర మీద ఆసక్తి లేని స్నేహితులను బలవంతంగా తీసుకెళ్లకండి, వాళ్లు ఓట్జీ దగ్గర సంతోషంగా ఉంటారు. ఇంకో పూట మిగిలితే రేసియా వీధిలో నాజీల బదిలీ శిబిరం గోడ మిగిలి ఉంది, 1944-45లో వేలమంది ఖైదీలు ఆ గోడ వెనక గడిపి ఉత్తరాది శిబిరాలకు వెళ్లారు. ఊరి బస్సు అటు వెళ్తుంది.